మిద్దె మీది మోటార్లు, ఎర్రిస్వామి కుడిచేయి

ఏసీ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఇప్పటికీ మా ఇంటి మెట్లెక్కి వస్తారు. పాత మోటారుకు ఏ డ్రైవు పెట్టాలి, బెల్టు ఎంత బిగించాలి, పెట్టె ఎక్కడ తగిలించాలి అని అడుగుతారు. తెలిసినంత చెబుతాను, టీ తాగి పోతారు. వాళ్లు అడగని సంగతి ఒకటి నా దగ్గర ఉండిపోయింది. అది ఎర్రిస్వామి కుడిచేతి సంగతి. ఆ చేయి ఎలాంటిదో, అది ఎలా పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మిగతావన్నీ ఆ దారిలో తగిలేవి.

నేను ఏడో తరగతి పూర్తి చేయలేదు. కలం పట్టడం నాకు స్పానరు పట్టినంత సులువు కాదు. కానీ చూసింది మరిచిపోయే అలవాటు లేదు. మా ఇంట్లో పెళ్లిళ్లకూ పురుళ్లకూ ఎవరు ఏ చీర కట్టుకొచ్చారో కూడా నన్నే అడుగుతారు. అందుకని ధైర్యం చేసి కూర్చున్నాను.

బోరు మోటార్ల దగ్గర

మాది శింగనమల వైపు పల్లె. నాయన వేరుశనగ వేసేవాడు. వాన వచ్చిన ఏడు తిన్నాం, రాని ఏడు కూలికి పోయాం. నేను బడి మానేశాక నాయన నన్ను అనంతపురంలో మోటార్లు రివైండింగు చేసే షాపులో చేర్చాడు. అక్కడ నాకంటే ముందే పని నేర్చి ఉన్నవాడు ఎర్రిస్వామి. బెళుగుప్ప మనిషి. పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ బుగ్గన వక్క పెట్టుకొని ఉండేవాడు. నన్ను తమ్ముడిలాగా చూసుకున్నాడు, తమ్ముడినే తిట్టినట్టు తిట్టాడు.

మా సీమలో మోటారు ఎందుకు కాలిందని ఎవరూ అడగరు. బోరులో నీళ్లు ఇంకిపోయినా రైతు మోటారు ఆపడు, ఇంకో నాలుగు బిందెలు రాకపోతాయా అని. ఓల్టేజీ సగమే ఉన్నా ఆపడు, కరెంటు మళ్లీ ఎప్పుడొస్తుందో అని. ఎండాకాలం వస్తే మా షాపు ముందు కాలిన మోటార్లు వరసగా ఉండేవి. ఒక్కో మోటారు పక్కన ఒక్కో రైతు గొంతుకూర్చొని ఉండేవాడు.

"ఏమప్పా ఎర్రిస్వామీ, సాయంత్రానికి అయితాదా? చీనీ చెట్లు ఎండిపోతాండాయి."

"ఎండేది చెట్లేనా, నేను మనిషిని కాదా? రొంత ఓర్చుకో. నీ మోటారు పూర్తిగా మాడి బొగ్గయిపోయినాది, దాన్ని మళ్ల మనిషిని చేయాల."

కాలిన చుట్టలు పీకేసి, కొత్త రాగి తీగ చుట్టి, మోటారు లోపలి ఇనుప గాడుల్లోకి ఒక్కో పోగూ దూర్చి, వార్నీషు పోసి ఆరబెట్టడం. పని అంతే. ఆ రాగి తీగ మీద పల్చటి పూత ఉంటుంది. అది వెంట్రుకవాసి గీసుకుపోయినా మోటారు కొన్నాళ్లు తిరిగి మళ్లీ కాలిపోతుంది. ఎర్రిస్వామి తీగను కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పోనిచ్చేవాడు. నోరు లోకమంతా తిరుగుతుండేది. ఉన్నట్టుండి చేయి ఆగేది. "ఈడ ఉండాది" అనేవాడు. నేను ఎండలోకి తీసుకుపోయి తిప్పి తిప్పి చూసినా గీత కనబడేది కాదు. భూతద్దం పెడితే ఉండేది. కళ్లు మూసుకొని తీగ ముట్టుకొని అది ఎంత సన్నమో చెప్పేవాడు. తర్వాత కొలిస్తే అంతే ఉండేది. నేను కూడా చుట్టడం నేర్చుకున్నాను. కానీ నా చేయి పని చేసేది, అతని చేయి వినేది.

అక్కడే ఇంకో అలవాటు కూడా నేర్పాడు. మోటారు ముట్టుకునే ముందు ఫ్యూజులు పీకి చొక్కా జేబులో వేసుకోవాలి. గట్టు మీద పెట్టకూడదు, పక్కవాడి చేతికి ఇవ్వకూడదు, జేబులోనే ఉండాలి. దీని వెనక ఒక చావు ఉంది. ఎర్రిస్వామి చిన్నాయన కొడుకు ఒకడు పొలంలో ఫ్యూజులు పీకి స్టార్టరు పెట్టె మీద పెట్టి, మోటారు విప్పుతున్నాడు. అదే ట్రాన్స్‌ఫార్మరు కింద మడి తడుపుకునే వాడెవడో వచ్చి, ఫ్యూజులు ఊడి పడినాయేమో అనుకొని మళ్లీ తగిలించాడు. మనిషి అక్కడికక్కడే పోయాడు. తగిలించినవాడు పగవాడు కాదు, వరసకు బావమరిది.

ఆ రోజు నుంచి ఎర్రిస్వామికి జేబులో ఫ్యూజు బరువు తెలియకపోతే చేయి ముందుకు పోయేది కాదు. జేబు లేని చొక్కా వేసుకొని వచ్చినవాణ్ణి ఇంటికి తిప్పి పంపేవాడు. "ఫ్యూజు యాడుండాది?" అని అరిస్తే, "జేబులో ఉండాదన్నా" అని మేమందరం చొక్కా తట్టి చూపించేవాళ్లం. బోర్ల మీద పనిచేసినన్నాళ్లూ మాలో ఎవరికీ ఏమీ కాలేదు. ఆ అలవాటు మమ్మల్ని కాపాడింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తర్వాత జరిగినదానికి ఆ అలవాటును తిట్టడం నాకిష్టం లేదు.

బోర్లు వదిలి మిద్దెలెక్కడం

తర్వాత ఊరు మారింది. బట్టల షోరూములు, కళ్యాణ మండపాలు, పెద్ద పెద్ద ఆసుపత్రులు వచ్చాయి. వాటి మిద్దెల మీదికి చిన్న గదంత ఏసీ మిషన్లు ఎక్కాయి. చాలావరకు బెంగళూరులో పాత బిల్డింగులు కొట్టేసినప్పుడు దించినవే. మాకు సెకండ్ హ్యాండులో వచ్చేవి. నేను ఏసీ పని నేర్చుకున్నాను. ఎర్రిస్వామి రివైండింగులోనే ఉండిపోయాడు. ఇద్దరం కలిసి గార్లదిన్నె రోడ్డు వైపు ఒక షెడ్డు తీసుకున్నాం. మిషన్లు నావి, మోటార్లు అతనివి.

ఆ మిషన్లలో పెద్ద బ్లోయరు ఒకటి ఉంటుంది. అదే చల్లగాలిని కింద గదుల్లోకి తోసేది. దాన్ని తిప్పే మోటారుకు రెండే సంగతులు తెలుసు, తిరగడం, ఆగడం. కింద వెయ్యిమంది ఉన్నా, ఊడ్చే ఆవిడ ఒక్కతే ఉన్నా ఒకే జోరు. గాలి ఎక్కువైతే దారిలో రేకు అడ్డం పెట్టేవాళ్లం. స్కూటరు యాక్సిలేటరు పూర్తిగా తిప్పి పట్టుకొని బ్రేకు మీద నడిపినట్టన్నమాట. కరెంటు బిల్లు చూసి ఓనర్లు మా మీద పడేవాళ్లు.

దానికి మందుగా డ్రైవులు వచ్చాయి. గోడకు తగిలించే పెట్టె. మెయిను కరెంటు ముందు దాంట్లోకి పోతుంది, అక్కడి నుంచి మోటారుకు ఎంత వేగం కావాలో అంతే పోతుంది. మిషను పాతదే, మోటారు పాతదే, మధ్యలో ఈ పెట్టె కొత్తది. వినడానికి సులువుగా ఉంది. చేతికి వచ్చాక తెలిసింది.

మొదట పెట్టిన పెట్టెను పడమటి గోడకు తగిలించాం. మే నెలలో ఆ గోడ మీద అట్టు పోయవచ్చు. రోజూ మధ్యాహ్నానికి పెట్టె వేడెక్కి తనంతట తానే ఆగిపోయేది. దానికి నీడ కావాలి, దుమ్ము పోని మూత కావాలి, గాలి ఆడే సందు కావాలి. పసిబిడ్డకు కావలసినవే.

రెండో పాఠం ఒక కళ్యాణ మండపంలో నేర్చుకున్నాం. వేగం తగ్గితే బిల్లు తగ్గుతుందని విని అక్కడి మేనేజరు, "ఇంకా తగ్గించప్పా, ఇంకా తగ్గించు" అని నా వెంట పడ్డాడు. తగ్గించాను. ముహూర్తం రోజు హాల్లో గాలి లేదు. పైకి పోయి చూస్తే లోపలి చల్లటి గొట్టాలన్నీ తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి. గాలి నెమ్మదించింది కానీ చల్లబరిచే కంప్రెసరు మాత్రం పాత జోరుతోనే నడుస్తోంది. తీసుకుపోయే గాలి చాలక చలి అక్కడే పేరుకుపోయింది. మిద్దె మీద వంట చేస్తున్నవాళ్లు ఆ మంచు గీకి మజ్జిగ గుండిగలో వేస్తున్నారు. వద్దురా నాయనా, దాంట్లో పావురాల రెట్ట ఉంటుందని గుండిగకు అడ్డం పడ్డాను. ఎర్రిస్వామి పిట్టగోడ పట్టుకొని నవ్వాడు.

"ఏమప్పా ఓబుళేసూ, మన జిల్లాకు వాన తెచ్చేదానికి ఎవరికీ చేతకాలే. నువ్వు ఏకంగా మంచే కురిపించినావే!"

ఇక మోటారు సంగతి. డ్రైవు నుంచి వచ్చే కరెంటు నున్నగా రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. పాత చుట్ట ఆ దెబ్బలకు ఆగదు. అందుకని డ్రైవు పెట్టే ముందు ప్రతి పాత మోటారునూ మంచి తీగతో మళ్లీ చుట్టి, రెండుసార్లు వార్నీషు పోయించాలి. ఆ మెట్టు దాటేసి పెట్టెలు తగిలించిన కాంట్రాక్టర్లను చూశాను. వాళ్లు కట్టిన మోటార్లు కాలిపోయాక డ్రైవును తిట్టారు. అలా ఈ కొత్త పనిలో ఎర్రిస్వామికి గిరాకీ పెరిగింది. తను చుట్టిన మోటారును తనే మిద్దె మీదికి మోయించి, తనే బిగించి, తిరిగేదాకా చూసి దిగేవాడు. "బిడ్డను అత్తగారింట్లో దింపొచ్చినట్ల" అనేవాడు.

ఎర్ర లైటు మాట

ఒక బట్టల షోరూము మిద్దె మీద మూడు పాత మిషన్లకు డ్రైవులు పెట్టే పని వచ్చింది. డ్రైవులు అమ్మినవాళ్లు బెంగళూరు నుంచి రమ్య అనే ఇంజనీరమ్మను పంపారు. హిందూపురం పక్క అమ్మాయి. ఎండకు వెనకాడని మనిషి, మాతోపాటే మిద్దె మీద కూర్చొని చిత్రాన్నం తినేది. నాకు తెలిసిన ఇంజనీర్లలో అంత ఓపికగా చెప్పినవాళ్లు తక్కువ.

మొదటి పెట్టె మూత తెరిచి లోపల చూపించింది.

"అన్నా, ఈ డబ్బాలు సూడండి. వచ్చిన కరెంటును ఇవి పట్టి పెట్టుకుంటాయి. మీరు ఫ్యూజు పీకినా ఈ పెట్టె ఎంటనే సావదు, రొంతసేపు బతికే ఉంటాది. ఈ చిన్న ఎర్ర లైటు ఆరిపోయేదాకా మూత తీయొద్దండి. ఆరినాక కూడా మీటరు పెట్టి సూసినాకే ముట్టుకోండి."

"అంటే కెపాసిటర్లే కదా పాపా," అన్నాడు ఎర్రిస్వామి. "ఫ్యానుల్లో సూల్లేదా మేము? స్క్రూడ్రైవరు ఆనిస్తే చిటుక్కుమంటాది, అంతే."

మా షాపులో అది ఆట. కొత్తగా చేరినవాడి చేతిలో ఫ్యాను కెపాసిటరు పెట్టి, వాడు ఎగిరి గంతేస్తే నవ్వేవాళ్లం. మాకు తెలిసిన కెపాసిటరు అదే.

"ఇది ఆ మాదిరిది కాదన్నా. ఇది మనిషిని తినేస్తాది."

"నువ్వు సదువుకున్న బిడ్డవి, కాదనను. అయితే ఒకటి సెప్తా యిను." ఎర్రిస్వామి చొక్కా జేబు తట్టాడు. లోపల ఫ్యూజులు గలగలమన్నాయి. "ఇవి నా జేబులో ఉండేంతవరకూ కరెంటాఫీసు మొత్తం దిగొచ్చినా దీంట్లోకి కరెంటు రాదు."

మేమందరం నవ్వాం. రమ్య కూడా నవ్వింది. నవ్వి, మళ్లీ ఎర్ర లైటు మాట చెప్పింది. ఇంకోటి కూడా చెప్పింది. మోటారు తలకిందులుగా, అంటే అటు తిరగాల్సింది ఇటు తిరిగితే, తీగలు విప్పే పనే లేదు, పెట్టె మీద బటన్లతోనే దిక్కు మార్చవచ్చు. ఎర్రిస్వామి తలూపాడు. వినలేదని నేను అనను. చెవి విన్నది. చేతికి చేరలేదు.

మూడో మిషను

మొదటి రెండూ బాగా అయ్యాయి. మూడోది బిగించిన రోజు పెళ్లిళ్ల సీజను, మిట్టమధ్యాహ్నం. కింద షోరూము కిక్కిరిసి ఉంది. ఓనరు మెట్ల మధ్యకు వచ్చి అరుస్తున్నాడు.

"ఏమప్పా, పెండ్లి చీరలకు వచ్చినోళ్లు సెమట్లు కారుకుంటా పక్కంగడికి పోతాండారు! ఇంగెంతసేపు?"

"అయిపోయె సామీ, ఇదో ఇప్పుడే," అన్నాడు ఎర్రిస్వామి.

రమ్య గాలి చూడటానికి కిందికి దిగింది. మేము మిషను వేశాం. కాసేపటికి నాకు ఆమె నుంచి ఫోను.

"అన్నా, గాలి సరిగ్గా రావడంలే. మోటారు తిరగబడినట్లుండాది, సూడండి."

ఎర్రిస్వామి పుల్లీ వైపు చూశాడు. "అవునప్పా, తలకిందులుగా తిరుగుతాండాది." మోటారు తలకిందులుగా తిరిగితే ఏం చేయాలో మాకు పుట్టినప్పటి నుంచి తెలిసినట్టే. మూడు తీగల్లో రెండు విప్పి అటుదిటు మార్చడం. వందసార్లు చేసిన పని, ఆలోచన అక్కర్లేదు. మిషను ఆపి, ఫ్యూజులు పీకి, జేబులో వేసుకొని, జేబు తట్టుకున్నాడు. కరెంటు వచ్చే వైపు తీగలకు టెస్టరు పెట్టి చూశాడు. వెలగలేదు. వెలగదు, ఎందుకంటే అటువైపు కరెంటు నిజంగానే లేదు. మూత తెరిచి ఎర్ర లైటు కోసం కూడా చూశాడు. నేను చూశాను అతను చూడటం.

"ఆరిపోయినాది," అన్నాడు.

ఆరలేదు. ఆ ఎండలో అది కనబడదు. తర్వాత నేను అదే గంటకు అదే మిద్దె మీద అలాంటి పెట్టె ముందు నిలబడి చూశాను. ఉత్త కంటికి ఏమీ లేదు. టవలు కప్పి, దానికింద తల దూర్చి చూస్తే నిప్పు కణంలా ఉంది. రమ్య నేర్చుకున్న గదిలో ట్యూబులైట్లు ఉండేవేమో. అనంతపురం ఎండ ఉండి ఉండదు.

ఇంకా నా చెవి దగ్గరే ఉన్న ఫోనులో రమ్య, "ఏమీ విప్పొద్దండి, నేను పైకొస్తాండా, బటన్‌తోనే మారుస్తా" అంటోంది. చెబుదామని అటు తిరిగాను. పాత స్టార్టరులో మోటారు తీగలకు మూడు స్క్రూలే ఉంటాయి. ఈ పెట్టెలో అదే వరసలో ఇంకో రెండు ఎక్కువ ఉన్నాయి. పట్టి ఉంచుకున్న కరెంటు ఆ రెంటి దగ్గరే ఉంటుంది. తీగ కొస పట్టుకోబోయిన ఎర్రిస్వామి వేళ్లు ఆ రెంటి మీద పడ్డాయి.

టపాకాయలా ఒక్క చప్పుడు. మనిషి వెనక్కి ఎగిరి పిట్టగోడకు కొట్టుకొని పడ్డాడు.

ముఖం మీద నీళ్లు చల్లి, రొమ్ము రుద్ది, పేరు పెట్టి అరిచాను. ఊపిరి తీసుకున్నాడు. నలుగురం మోసి దించాం. పెళ్లి చీరలు చూస్తున్న ఆడవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆటోలో ఆసుపత్రికి పోయేదాకా నేను అతని కుడిచేయి పట్టుకొనే ఉన్నాను. అది నా చేతిని పట్టుకోలేదు. అక్కడ నర్సమ్మ చొక్కా విప్పి, జేబులోవి నా చేతిలో పోసింది. రెండు వక్కలు, మూడు ఫ్యూజులు.

అందరూ అదృష్టమన్నారు

బతికాడు. అందరూ అదే మాట. "దేవుడు సల్లగా సూసినాడు లక్ష్మక్కా" అని అతని భార్యతో అన్నారు. నిజమే. బొటనవేలు, పక్కన రెండు వేళ్లు కాలాయి, ఆ పుండ్లు మానాయి. చేయి చూడటానికి ఎప్పటిలాగే ఉంది, గ్లాసు పట్టుకుంటుంది, బొత్తాం పెడుతుంది. కానీ ఆ మూడు వేళ్లకూ ముట్టుకున్నది తెలియదు. లోపలి నరం దెబ్బ తిన్నదని, కొన్నాళ్లకు రావచ్చు, రాకపోవచ్చు అని డాక్టరు చెప్పాడు.

కొన్నాళ్లు ఆ "రావచ్చు" మీదే బతికాం. ఆముదం మర్దనా చేసింది వదిన. బియ్యంలో వేళ్లు పెట్టి కదిలించమన్నారు, కదిలించాడు. షాపుకు వచ్చి నేను పని చేస్తుంటే పక్కన కూర్చొని, రాగి తీగ ముక్క ఒకటి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకొని రుద్దుకుంటూ ఉండేవాడు.

"ఏమన్నా తెలుస్తాందా అన్నా?"

"ఇంగా రాలే."

ఒకరోజు అడిగితే, "ఎండ తగిలితే తెలుస్తాందప్పా" అన్నాడు. నేను సంతోషపడ్డాను. నా మీద జాలిపడి అలా చెప్పాడని తర్వాత అర్థమైంది.

రమ్య ఆసుపత్రికి రోజూ వచ్చింది. మంచం పక్కన నిలబడి ఏడ్చింది. ఎర్రిస్వామే ఓదార్చాడు. "నువ్వు సెప్తివి కదమ్మా. ఎర్ర లైటు సెప్తివి, బటన్ సెప్తివి, అన్నీ సెప్తివి. నువ్వేడుస్తే నాకు సిగ్గయితాది, ఊరుకో." తర్వాత ఆమె సైటు పని వదిలేసి ఆఫీసు పనికి మారిందని విన్నాను. బాధేసింది. ఆమెలాంటివాళ్లే మిద్దె మీద ఉండాలి.

నేర్పేవాళ్లతో, నేర్చుకునేవాళ్లతో ఒక మాట

చాలా రోజులు నేను ఎవరిని తప్పుపట్టాలా అని ఆలోచించాను. ఓనరు తొందరపెట్టాడు, కానీ తొందరపెట్టని ఓనరు ఎక్కడున్నాడు? రమ్య చెప్పాల్సింది చెప్పింది. ఎర్రిస్వామి తనకు తెలిసిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాడు. అజాగ్రత్త మనిషి అయి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. జాగ్రత్తే అతన్ని ఆ పెట్టె దాకా ధైర్యంగా నడిపించింది. జేబులో ఫ్యూజు ఉంది కాబట్టి చేయి పెట్టాడు. లేకపోతే పెట్టేవాడే కాదు.

కొత్త పని నేర్పేవాళ్లకు నేను చెప్పేది ఇదే. మీ మాట చెప్పే ముందు, అవతలివాడు ఇన్నాళ్లూ దేన్ని నమ్ముకొని బతికాడో అడగండి. రమ్యకు పెట్టె తెలుసు, మా జేబు తెలియదు. మాకు జేబు తెలుసు, పెట్టె తెలియదు. జేబు తట్టినప్పుడు అందరం నవ్వుకున్నాం. ఆ నవ్వు దగ్గర ఆగి, "అన్నా, ఆ జేబు వెనక కథేంది?" అని ఆమె అడిగి ఉంటే, అతను చిన్నాయన కొడుకు చావు చెప్పేవాడు. అప్పుడు ఆమెకు తెలిసేది, తను పోట్లాడాల్సింది ఒక చావుతో అని.

నేర్చుకునేవాళ్లకు: ఫ్యూజులు జేబులో వేసుకోండి, అది మానకండి. ఆ తర్వాత ఆగండి. ఎర్ర లైటును టవలు కప్పి చూడండి. ఆరిందనిపించినా నమ్మకండి, మీటరు పెట్టి చూడండి. ఎవరు అరిచినా అరవనివ్వండి. ఇంతకంటే పెద్ద చదువు ఈ పనిలో నాకు తెలియదు.

కూలరు పంపు

చాలా నెలల తర్వాత ఎర్రిస్వామి తనంతట తానే, "ఏదన్నా సిన్నది ఉంటే ఇయ్యప్పా, సూస్తా" అన్నాడు. పక్క వీధి మస్తానమ్మ అనే ముసలావిడ కూలరు పంపు కాలిపోయి వచ్చింది. అరచేతిలో పట్టేంత మోటారు. ఇచ్చాను.

ఒకప్పుడు అలాంటిది వక్క నమిలేలోపల చుట్టి పారేసేవాడు. ఇప్పుడు పొద్దున కూర్చున్నవాడు సాయంత్రం దాకా లేవలేదు. ఎడమచేత్తో చుట్ట తిప్పుతూ, తీగను ఎప్పటిలా కుడిచేతి వేళ్ల మధ్య పోనిస్తూ, వేళ్లు చెప్పనిది కళ్లతో చూడాలని కళ్లజోడు ముక్కు చివరికి జార్చి వంగిపోయాడు. వార్నీషు పోసి ఆరబెట్టి, మర్నాడు నీళ్ల తొట్టిలో పెట్టి వేశాం. తిరిగింది. నీళ్లు సన్నగా పైకి చిమ్మాయి. షాపులో ఉన్నవాళ్లందరం అరిచాం. వదిన కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మస్తానమ్మ పంపు తీసుకొని, "నీ సెయ్యి సల్లగుండ" అని దీవించి పోయింది.

వారం తిరక్కుండా మస్తానమ్మ పంపు పట్టుకొని వచ్చింది. నన్ను పక్కకు పిలిచి, మెల్లగా చెప్పింది. "కాలిపోయినాది నాయనా. ఆయప్పకు సెప్పొద్దు. నువ్వే ఏదో ఒకటి సెయ్యి."

కానీ ఎర్రిస్వామి వాసన పట్టాడు. కాలిన వార్నీషు వాసన మా దగ్గర దాచిపెట్టలేరు. చేయి చాపాడు, ఇచ్చాను. విప్పాడు. ఎడమచేతి వేళ్లతో చుట్ట మీద మెల్లగా తడుముకుంటూ పోయాడు. ఒకచోట ఆగాడు.

"ఈడ ఉండాది," అన్నాడు. "గీసుకున్యాది. పోనిచ్చేటప్పుడు నాకు తెలీలే."

మస్తానమ్మ వైపు తిరిగి, "నీ పంపు ఓబుళేసు సేసిస్తాడు లే అమ్మా, రొంత కూసో" అన్నాడు. నేను చుట్టినంతసేపూ తీగ రీలు పట్టుకొని వదులుతూ ఉన్నాడు, తీగ గీసుకోకుండా. అయిపోయాక లేచి ఇంటికి పోయాడు. మళ్లీ ఏ మోటారూ అడగలేదు. నేనూ ఇవ్వలేదు. చేయి తిరిగి వస్తుందన్న మాట మా ఇద్దరి మధ్య ఆ రోజుతో ఆగిపోయింది.

ఇప్పుడు నేను కూడా పని మానేశాను. అప్పుడప్పుడూ అతని ఇంటికి పోతాను. వదిన టీ తెస్తే ముందు గ్లాసును తను ముట్టి చూసి, చల్లారిందనుకున్నాకే అతనికి ఇస్తుంది. కాలినా అతనికి తెలియదు, బొబ్బలు లేచాక చూసుకుంటాడు.

మొన్న పోయినప్పుడు అతను మనవరాలిని అంగడికి తీసుకుపోతున్నాడు. నాలుగేళ్ల పాప. అతని కుడిచేతి చూపుడువేలు పట్టుకొని గెంతుతోంది.

"ఎడం చెయ్యి ఇయ్యరాదా అన్నా?" అన్నాను.

"ఇస్తే వద్దంటాదప్పా. దానికి ఈ చెయ్యే కావాలంట. గిచ్చినా ఈ చెయ్యి తిట్టదంట."

"అవును, ఈ చెయ్యి మంచిది," అంది పాప, గిచ్చి చూపిస్తూ.

నవ్వాడు. ఇద్దరూ ముందు నడిచారు, నేను వెనక. రోడ్డు మీద బళ్లు పోతున్నాయి. అతను రెండడుగులు వేసి కిందికి చూస్తాడు. మళ్లీ రెండడుగులు వేసి కిందికి చూస్తాడు. పాప వేలు పట్టుకొనే ఉందో, వదిలేసిందో, చూస్తే తప్ప అతనికి తెలియదు.